బైప్యాప్ పెట్టేటప్పుడు ముందు మాస్కు, తర్వాతే నంబర్లు

వరంగల్ వైపు చలి ముదిరితే ఎమర్జెన్సీకి ఆయాసంతో వచ్చేవాళ్లలో ఏళ్లుగా బీడీలు తాగిన పెద్దాయనలు, కట్టెల పొయ్యి పొగ మింగిన అవ్వలు కనబడతారు. అలాంటివాళ్లకు బైప్యాప్, అంటే మాస్కు ద్వారా ఒత్తిడితో గాలి అందించే మెషిన్, ఎలా పెట్టాలో కొత్తగా డ్యూటీలో చేరినవాళ్ల కోసం ఇది.

సీఓపీడీ (ఊపిరితిత్తుల్లో గాలి దారులు ఇరుకయ్యే దీర్ఘకాలిక జబ్బు) ఎక్కువై, నెబులైజేషన్, మందులు ఇచ్చాక కూడా ఏబీజీ (ధమని రక్తంలో వాయువుల పరీక్ష)లో పీహెచ్ 7.35 కంటే తక్కువ, కార్బన్ డయాక్సైడ్ 45 mmHg కంటే ఎక్కువ ఉంటే బైప్యాప్ మొదలుపెట్టండి. ఊపిరి ఆగిపోతున్నా, వాంతులు ఆగకున్నా, బీపీ పడిపోతున్నా, ముఖానికి గాయాలున్నా దీనితో టైం వేస్ట్ చేయకుండా శ్వాసనాళంలోకి ట్యూబ్ వేసే సీనియర్‌ని పిలవండి.

తలవైపు మంచం ఎత్తండి. పట్టీలు వెంటనే బిగిస్తే మనిషి బెదిరిపోయి మాస్కు పీకేస్తాడు, సగం కేసులు ఇక్కడే చెడతాయని నా అనుమానం. అందుకే మాస్కును చేత్తో ముఖానికి ఆనించి, "బాపూ, గాలి జోరుగా వస్తది, భయపడకు, దానితోపాటే ఊపిరి తీసుకో" అని చెప్తూ కొన్ని నిమిషాలు అలవాటు చేయండి. కాస్త లీకైతే పర్లేదు, కళ్లలోకి కొడితే మాత్రం సర్దాలి.

ఐప్యాప్ (ఊపిరి తీసుకునేటప్పటి ఒత్తిడి) 10, ఈప్యాప్ (ఊపిరి వదిలేటప్పటి ఒత్తిడి) 4 లేదా 5 cmH2Oతో మొదలుపెట్టి, ఛాతీ సరిగ్గా లేవకపోతే ఐప్యాప్‌ను కొద్దికొద్దిగా 15-20 దాకా పెంచండి. రక్తంలో ఆక్సిజన్ (SpO2) 88-92 శాతం చాలు, నూరు ఎందుకు లేదని బంధువులు టెన్షన్ పడినా సరే.

గంటకల్లా మళ్లీ ఏబీజీ తీయండి. పీహెచ్ ఇంకా దిగుతుంటే, మగత పెరుగుతుంటే ఇంకా చూస్తూ కూర్చోకండి, ఐసీయూకి ఫోన్ చేయండి.