విద్యార్థి నాయకుల సామాజిక విశ్లేషణ కార్యశాలకు ముందు జాగ్రత్తలు

కార్యశాలలో భాగంగా విద్యార్థులు ఊరికి వెళ్లి, ఊరివారి చేత ముగ్గుపిండితో నేల మీద ఊరి పటం గీయించే అభ్యాసం పెట్టుకుంటే, దాన్ని ఎక్కడ గీయించాలో ముందే నిర్ణయించుకోవాలి. రామాలయం ముందో, పెద్దల అరుగు దగ్గరో గీయిస్తే ఎస్సీ వాడవారు దూరంగా నిలబడిపోయే అవకాశం ఉంది. అప్పుడు వారి చేతిపంపు, వారి శ్మశానానికి వెళ్లే దారి పటంలోకి రాకుండానే పోతాయి. కాబట్టి వాడవాడలోనూ, మహిళలతో వేరుగానూ పటాలు వేయించి, వాటిని పక్కపక్కన ఉంచి తేడాలకు కారణాలు అడగాలి. కార్యక్రమంలో ఎక్కువ సమయం దీనికే కేటాయించాలి.

కూలి పనుల వేళ సమావేశం పెట్టకూడదు.

ఉపాధి హామీ పనులను అధ్యయనాంశంగా తీసుకుంటే, 2005 నాటి చట్టంలోని 17వ సెక్షన్ సామాజిక తనిఖీ (పనులను ప్రజలే పరిశీలించడం) బాధ్యతను గ్రామసభకు అప్పగించిందని విద్యార్థులకు ముందుగా వివరించాలి. తాము అధికారులం కామని, బకాయి కూలి ఇప్పిస్తామన్న మాట ఇవ్వలేమని విద్యార్థులు కూలీలకు మొదటే చెప్పాలి. మస్టరు (కూలీల హాజరు పట్టీ) వివరాలకూ కూలీలు చెప్పినదానికీ పొంతన లేకపోయినా, మాట్లాడినవారి పేర్లు సర్పంచి ఎదుట చదవరాదు.

ఫొటో తీసే ముందు, కులం, ఆదాయం రాసుకునే ముందు అనుమతి అడగాలి.

విద్యార్థులను అయిదారుగురి బృందాలుగా విడదీయాలి. మార్కరు పెన్ను ఎప్పుడూ విద్యార్థి సంఘం అధ్యక్షుడి చేతిలోనే ఉండడం మనకు అలవాటైన దృశ్యం. అది చేతులు మారేలా నిర్వాహకులు చూడాలి. పటం నకలు ఊరివారికి ఇవ్వడానికి అదనపు చార్టులు తీసుకెళ్లాలి.