స్టీమ్ సేల్‌లో ఏ ఆట కొనాలి: ఒక అకౌంటెంట్ లెక్క

2025లో జూన్ 26న గోల్కొండలో బోనాలు మొదలయ్యాయి. బట్టల షాపులకు ఆషాఢం డిస్కౌంట్ బ్యానర్లు అప్పటికే కట్టేశారు. అదే రాత్రి పదిన్నరకు, కంప్యూటర్ ఆటలు అమ్మే ఆన్‌లైన్ షాపు స్టీమ్‌లో సమ్మర్ సేల్ తెరుచుకుంది. నాకు రెండూ ఒకటే జబ్బు. మా బీరువాలో ఫాల్ కూడా కుట్టించని ఆషాఢం చీరలు నాలుగున్నాయి, స్టీమ్ లైబ్రరీలో ఒక్కసారి కూడా తెరవని ఆటలు పద్నాలుగు.

నేను బేగంపేటలో ఒక ఆఫీసులో అకౌంట్స్ చూస్తాను. ఇల్లు మల్కాజిగిరి. గిన్నెలు సర్దేసి, పాప పడుకున్నాక ల్యాప్‌టాప్ తెరుస్తాను. వారానికి నాలుగు రాత్రులు, రాత్రికి నలభై నిమిషాలు. అంతకు మించి కూర్చుంటే తెల్లారి ఆఫీసులో ఆవలింతలే. ఇది తెలిసి కూడా 2022 వింటర్ సేల్‌లో పదకొండు ఆటలు కొన్నాను. బిల్లు 4,300 రూపాయలు. ఒక్కోటి 390కే అగ్గువకొచ్చిందని మస్తు సంబరపడ్డాను. ఏడాది తిరిగాక చూస్తే ఆడినవి మూడే. అంటే ఒక్కోటి 1,430 పడింది. ఆఫీసులో ఎవరైనా ఇలాంటి ఓచర్ తెస్తే నేనే వెనక్కి పంపుతాను.

అప్పటి నుంచి రూపాయలకన్నా ముందు రాత్రులు లెక్కపెడుతున్నాను. స్టీమ్‌లో కొన్న ఆట నచ్చకపోతే 14 రోజుల్లోగా, ఆడిన సమయం 2 గంటలు దాటకముందే వాపసు అడగొచ్చు. నా నలభై నిమిషాల చొప్పున రెండు గంటలంటే సరిగ్గా మూడు రాత్రులు. పద్నాలుగు రోజుల్లో నాకు దొరికేవి ఎనిమిది రాత్రులు. కాబట్టి వాపసు గడువులోపు నేను ఆడి చూడగలిగేవి రెండు ఆటలు. మూడోది కొన్నానంటే అది చూడకుండా కొన్నట్టే. మీకు రోజూ రెండు గంటలు దొరికితే మీ అంకె వేరుగా వస్తుంది, ముందు అది తేల్చుకోండి. డిస్కౌంట్ ఎంతన్నది తర్వాత.

ఆట మొత్తం ఎంత సేపు పడుతుందో కూడా చూడాలి. హౌ లాంగ్ టు బీట్ అనే సైట్‌లో ఆడినవాళ్లు చెప్పిన గంటలు ఉంటాయి. విచర్ 3 ప్రధాన కథకే సుమారు 50 గంటలు. నా లెక్కలో అది పందొమ్మిది వారాలు. ఆషాఢంలో మొదలుపెడితే దీపావళి దాటుతుంది. కొనద్దని కాదు, నేను కొన్నాను, దీపావళి దాటింది. ఆ ఏడాది ఇంకేమీ కొనలేదు.

ల్యాప్‌టాప్ సంగతి త్వరగా చెప్పేస్తాను. నాది సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీలో కొన్నది. గ్రాఫిక్స్ కార్డు 4 జీబీ, డిస్క్‌లో ఖాళీ 160. బల్డర్స్ గేట్ 3, రెడ్ డెడ్ రిడంప్షన్ 2 రెండిటికీ స్టోర్ పేజీలో 150 జీబీ ఖాళీ కావాలని రాసి ఉంటుంది. ఒక్కటి వేస్తేనే డిస్క్ నిండిపోతుంది, దాని కోసం పాప ఫొటోలు తీసేయలేను. పేజీ కింద మినిమమ్ అని ఉన్న వరసను నమ్ముకోకండి, రికమెండెడ్ వరసకు మీ మెషీన్ దగ్గరగా ఉందో లేదో చూడండి. ఆ ఆటకు స్టీమ్ కాక వేరే కంపెనీ అకౌంట్ కూడా తెరవాలంటే ఆ మాట కుడి పక్కన చిన్న పెట్టెలో ఉంటుంది. నాకు ఇంకో పాస్‌వర్డ్ గుర్తుపెట్టుకునే ఓపిక లేదు, అక్కడే పేజీ మూసేస్తాను.

ఇక ధర. సేల్ మొదలైన రాత్రే కొనేయాలన్న ఆత్రం అనవసరం. గంటకో ఆఫర్ పెట్టి ఊరించే ఫ్లాష్ సేల్స్ స్టీమ్‌లో 2015 చివరి నుంచి లేవు. మొదటి రోజున్న తగ్గింపే చివరి రోజు దాకా ఉంటుంది. నేను మొదటి రాత్రి చూసి పడుకుంటాను, చివరి ఆదివారం కొంటాను. మధ్యలో పది రోజులు గడిచేసరికి సగం ఆటల మీద మోజు దానంతటదే పోతుంది.

మా అమ్మ చీరల షాపులో ఎప్పుడూ అనుమానపడుతుంది, ధర పెంచి డిస్కౌంట్ ఇస్తున్నారని. స్టీమ్‌లో ధర పెంచాక 30 రోజుల దాకా డిస్కౌంట్ పెట్టనివ్వరు కాబట్టి ఆ ఎత్తు అంత తేలిక కాదు. అయినా పాత ధరలు చూపించే స్టీమ్‌డీబీ అనే సైట్‌లో ఆట పేరు కొట్టి, కరెన్సీ రూపాయలకు మార్చి, పాత ధరల గీత చూడండి. పోయిన సేల్‌లో 60 శాతం తగ్గి, ఈసారి 50 అంటే ఆగండి. సేల్‌కో మెట్టు దిగుతూ వస్తుంటే కూడా ఆగొచ్చు, ఏడాదికి నాలుగు పెద్ద సేల్స్ వస్తాయి. ఫ్యాక్టోరియో మాత్రం వేరు. దాన్ని తయారుచేసినవాళ్లు డిస్కౌంట్ ఇవ్వబోమని ముందే చెప్పారు, పైగా 2023లో ధర 30 డాలర్ల నుంచి 35కి పెంచారు. అలాంటిది కావాలనుకుంటే సేల్ కోసం కాచుకోవడం దండగ.

రివ్యూల్లో నేను మెచ్చుకున్నవి చదవను. తిట్టినవాళ్లలో ఇరవై ముప్పై గంటలు ఆడినవాళ్లను వెతుకుతాను. అరగంట ఆడి తిట్టినవాడికి కోపం మాత్రమే ఉంటుంది. ముప్పై గంటలు ఆడినవాడు ఆట మధ్యలో ఆపి ఉన్నచోటే సేవ్ చేసుకోలేమనో, చివరి భాగం సాగదీశారనో చెప్తాడు. నాకు సేవ్ ముఖ్యం. పాప ఎప్పుడు లేచి "అమ్మా, నీళ్లు" అంటుందో తెలియదు.

వాపసు విషయంలో నా తెలివితక్కువతనం ఒకటి చెప్పాలి. ఒక ఆదివారం మధ్యాహ్నం 599 పెట్టి డిటెక్టివ్ ఆట కొన్నాను. తెరవగానే షేడర్లు (తెర మీద బొమ్మలు గీయడానికి ఆట ముందే చేసుకునే ఏర్పాటు) సిద్ధమవుతున్నాయంటూ ఒక గీత మెల్లగా పాకుతూ కూర్చుంది, ఇరవై నిమిషాలు. అది అయ్యేసరికి ఇడ్లీ పిండికి నానబెట్టిన పప్పు గుర్తొచ్చింది. ఆట మెనూలోనే ఆగి ఉంది కదా అని గ్రైండర్ వేశాను. పిండి రుబ్బి, గిన్నెలోకి తీసి, రవ్వ కలిపి, రాయి కడిగి వచ్చేసరికి గంట. తర్వాత యాభై నిమిషాలు ఆడాను, నచ్చలేదు. లైబ్రరీలో చూస్తే 2 గంటల 10 నిమిషాలు. మెనూలో ఉన్నా, షేడర్లు తయారవుతున్నా ఆట తెరిచి ఉన్నంతసేపూ ఆడినట్టే లెక్క. ఇప్పుడు లేచి వెళ్తే ఆట పూర్తిగా మూసేస్తాను, గంటా ముప్పావుకు ఫోన్లో అలారం పెడతాను.

సేల్‌కు వారం ముందే పూర్తి ధరకు కొని నాలుక కరుచుకున్నారా? రెండు గంటలు దాటకపోతే వాపసు తీసుకుని సేల్ ధరకు మళ్లీ కొనొచ్చు. దాన్ని దుర్వినియోగంగా లెక్కించబోమని స్టీమే రాసింది.

కరీంనగర్‌లో ఉండే మా తమ్ముడిది ఇంకో దారి. "అక్కా, ఇంకా అగ్గువకు దొరికింది" అని ఏదో వేరే సైట్‌లో, స్టీమ్‌లో కొడితే ఆట వచ్చే కోడ్ కొన్నాడు. ఆ కోడ్ అప్పటికే ఎవరో వాడేశారు. పైసలూ రాలేదు, ఆటా రాలేదు. వాడితో ఆడాలనుకుంటే నేను ఇట్ టేక్స్ టూ లాంటివి చూస్తాను. ఒకరు కొంటే చాలు, రెండోవాళ్లు ఫ్రెండ్స్ పాస్‌తో ఉచితంగా ఆడొచ్చు. ఇంట్లోవాళ్లకైతే స్టీమ్ ఫ్యామిలీస్ ఉంది, ఒకే ఇంట్లో ఆరుగురి దాకా ఒకరి ఆటలు ఒకరు ఆడుకోవచ్చు. ఒకే ఆటను ఒకేసారి ఇద్దరు ఆడాలంటే మాత్రం రెండు కాపీలు ఉండాల్సిందే. అందుకే కొనేముందు పాపకు ఆ ఆట నచ్చుతుందా అని కూడా చూస్తాను, కొన్నది ఇద్దరికీ పనికొస్తుంది.

కిందటి సేల్‌లో చివరి ఆదివారానికి కార్ట్‌లో ఐదు మిగిలాయి. రెండు 150 జీబీవి, తీసేశాను. ఒకటి పోయినసారి ఇంకా తక్కువకు వచ్చింది, విష్‌లిస్టులోకి వెనక్కి పంపాను. మిగతా రెండూ కలిపి 748. యూపీఐలో కట్టి, నోట్‌బుక్‌లో తేదీ, ధర, పక్కనే 14 రోజుల గడువు రాసుకుని, మొదటిది డౌన్‌లోడ్‌కి పెట్టి పడుకున్నాను.