బంతి ఎత్తే ముందు: గోల్ఫ్ కోర్సులో చిక్కు వస్తే ఏం చేయాలి

బంతి పొదలోకి పోయినందుకో, కార్ట్ పాత్ (గోల్ఫ్ బండ్లు తిరిగే దారి) మీద ఆగినందుకో పెనాల్టీ, అంటే స్కోరులో అదనపు స్ట్రోక్ (దెబ్బ), పడటం తక్కువ. అది చూసి కంగారులో గబుక్కున బంతి చేతిలోకి తీసేసుకుంటాం చూడండి, అక్కడ పడుతుంది. అందుకే కొత్తగా ఆడేవాళ్లకి నేను ముందు చెప్పేది ఇదే: బంతి దగ్గరికి వెళ్లాక వెంటనే ముట్టుకోకండి, కాసేపు నిలబడి రెండు విషయాలు చూడండి. బంతి ఎక్కడ ఉంది? షాట్‌కి అడ్డం వస్తున్నది ఏమిటి? ఈ రెండూ తేలితే సగం టెన్షన్ పోతుంది.

మొదటిదానికి జవాబులు ఐదే. టీయింగ్ ఏరియా (హోల్ ఆట మొదలుపెట్టే చోటు), బంకర్ (ఇసుక గుంత), పెనాల్టీ ఏరియా (ఎర్ర, పసుపు కర్రలతో గుర్తుపెట్టిన నీళ్ల లాంటి చోటు), మీరు ఆడుతున్న హోల్ గ్రీన్ (రంధ్రం చుట్టూ ఉండే నున్నటి గడ్డి), ఇవి కాక మిగిలిందంతా జనరల్ ఏరియా. ఫెయిర్‌వే (పొట్టిగా కత్తిరించిన గడ్డి దారి) అయినా మోకాలెత్తు గడ్డి అయినా రూల్స్‌కి ఒకటే, రెండూ జనరల్ ఏరియానే.

రెండోది అడ్డం సంగతి. రాలిన ఆకులు, పుల్లలు, విడిగా పడున్న రాళ్లు ఎక్కడున్నా తీసేయొచ్చు, 2019లో రూల్స్ మారాక బంకర్‌లో కూడా తీయొచ్చు. కానీ తీస్తుండగా బంతి కదిలిందా, ఒక స్ట్రోక్ పెనాల్టీ వేసుకుని బంతిని మళ్లీ అక్కడే పెట్టాలి (గ్రీన్ మీదా, టీ మీదా అయితే ఈ పెనాల్టీ లేదు). రాయి ఎంత పెద్దదైనా పర్వాలేదు. 1999 ఫీనిక్స్ ఓపెన్‌లో టైగర్ వుడ్స్ బంతికి ఎదురుగా పెద్ద బండ ఉంటే, అది నేలలో పాతుకుని లేదని రూల్స్ అధికారి తేల్చారు, ప్రేక్షకులే కొందరు కలిసి దాన్ని పక్కకి దొర్లించారు. అదంతా రూల్ ప్రకారమే జరిగింది. మన గచ్చిబౌలి బౌల్డర్ హిల్స్‌లో నేలలో పాతుకుపోయిన బండ పక్కన బంతి ఆగిందనుకోండి, అప్పుడు ఇది పనికిరాదు, ఉన్నది ఉన్నట్టే ఆడాలి లేదా ఆడలేనని ప్రకటించుకోవాలి.

మనిషి చేసిన వస్తువులకి మర్యాద ఇంకొంచెం ఎక్కువ. సీసా, బంకర్ రేక్, ఎర్ర కర్ర, ఇలా కదిలేవి తీసేయండి, బంతి కదిలినా పెనాల్టీ లేదు, తిరిగి అక్కడే పెడితే చాలు. కదలనివైతే, అంటే కార్ట్ పాత్, స్ప్రింక్లర్ మూత లాంటివి, ఉచితంగా, అంటే పెనాల్టీ లేకుండా, పక్కకి జరగొచ్చు, దీన్నే ఉచిత రిలీఫ్ అంటారు. ఒక మినహాయింపు గుర్తుంచుకోండి, కోర్సు సరిహద్దు చెప్పే తెల్ల కర్రలూ, సరిహద్దు గోడా, కంచే. వాటి నుంచి ఉచిత రిలీఫ్ లేదు. తెల్ల కర్ర స్వింగ్‌కి అడ్డమని పీకేసి అలాగే కొడితే రెండు స్ట్రోకులు పోతాయి. పీకాక గుర్తొచ్చిందా, కొట్టే ముందే మళ్లీ అక్కడే గుచ్చేయండి, పెనాల్టీ ఉండదు.

ఇప్పుడు కార్ట్ పాత్ దగ్గర కాస్త ఆగుదాం, ఎందుకంటే ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. రిలీఫ్ పాయింట్ అంటే మనకి నచ్చిన చోటు కాదు, దారి మీద బంతిగానీ కాళ్లుగానీ స్వింగ్‌గానీ పడకుండా, హోల్‌కి దగ్గర కాకుండా, బంతికి అన్నిటికంటే దగ్గరగా ఉన్న చోటు. బంతి దారికి సరిగ్గా మధ్యలో ఉంది, మీరు కుడిచేతి ఆటగాడు అనుకుందాం. హోల్ వైపు చూస్తే మీ కాళ్లు ఎప్పుడూ బంతికి ఎడమవైపే ఉంటాయి. ఎడమకి జరిగితే బంతి దారి అంచు దాటితే చాలు, కాళ్లు ఇంకా అవతల గడ్డిలో ఉంటాయి. కుడికి జరిగితే కాళ్లు కూడా దారి దిగాలి కాబట్టి బంతి ఇంకో రెండు మూడు అడుగులు అవతలికి పోవాలి. అంటే దగ్గరి చోటు ఎడమవైపే. కుడివైపు చక్కటి ఫెయిర్‌వే, ఎడమవైపు ముళ్ల పొద ఉన్నా సరే, రూల్ ఎడమనే చూపిస్తుంది! అందుకే బంతి ఎత్తకముందే ఆ చోటుకి వెళ్లి, క్లబ్ (బంతి కొట్టే కర్ర) పట్టుకుని నిలబడి చూసుకోండి. నచ్చలేదా, దారి మీది నుంచే కొట్టండి, ఎవరూ కాదనరు. బంతి ఎత్తాక మనసు మార్చుకుని తిరిగి దారి మీదే పెట్టి ఆడతానంటే ఒక స్ట్రోక్ చెల్లించాలి.

చోటు తేలాక అక్కడి నుంచి ఒక క్లబ్ పొడవు లోపల, మోకాలి ఎత్తు నుంచి డ్రాప్ చేయాలి, అంటే బంతిని చేత్తో కిందికి వదలాలి. కొలతకి బ్యాగులో పుటర్ (గ్రీన్ మీద వాడే క్లబ్) కాకుండా అన్నిటికంటే పొడవైన క్లబ్, మామూలుగా డ్రైవర్. పాత అలవాటుతో భుజం ఎత్తు నుంచి వదిలేవాళ్లు ఇంకా కనిపిస్తున్నారు, కొట్టకముందే గుర్తొస్తే మళ్లీ సరిగ్గా వేయండి, పెనాల్టీ లేదు. రెండుసార్లు వేసినా బంతి ఆ చోటు దాటి దొర్లిపోతే, రెండోసారి నేలని తాకిన చోట చేత్తో పెట్టాలి.

వానాకాలం నేల మీద నీళ్లు నిలిచిన చోట ఈ ఉచిత రిలీఫ్ బాగా కలిసొస్తుంది. నిలబడినప్పుడు నీళ్లు పైకి కనిపించాలి, పాదంతో గట్టిగా నొక్కి తెప్పించిన నీళ్లు లెక్కలోకి రావు. బంతి పడ్డ దెబ్బకి తన గుంతలోనే నేలలో దిగబడితే జనరల్ ఏరియాలో అదీ ఉచితమే, బంకర్ ఇసుకలో దిగబడితే కాదు. బంకర్‌లో నీళ్లు నిలిస్తే బంకర్ లోపలే ఉచితంగా జరగొచ్చు, బయటికి రావాలంటే ఒక స్ట్రోక్. ఇక బంతి పక్కన పాము కనిపిస్తే ధైర్యం చూపించక్కర్లేదు. పాము, తేనెటీగల లాంటి ప్రమాదం ఉన్నచోట రూల్ 16.2 ఉచితంగా దూరంగా జరగనిస్తుంది. ముళ్లకి మాత్రం ఆ దయ లేదు.

ముళ్ల పొదలో ఇరుక్కుంటే ఆడలేనని ప్రకటించడమే, ఆ నిర్ణయం పూర్తిగా మీదే, పక్కవాళ్లని ఒప్పించక్కర్లేదు. ఒక స్ట్రోక్‌కి మూడు దారులు: ముందు కొట్టిన చోటికే వెళ్లడం, హోల్‌నీ బంతినీ కలిపే గీత మీద ఎంత వెనక్కైనా పోవడం, లేదా రెండు క్లబ్ పొడవుల లోపల డ్రాప్ చేయడం. చాలామంది ఆలోచించకుండా మూడోది ఎంచుకుంటారు, తీరా చూస్తే రెండు క్లబ్‌లు కొలిచినా ఇంకా పొదలోనే ఉంటారు. ముందు కొలిచి చూడండి. పెనాల్టీ ఏరియాలో ఈ రూల్ చెల్లదు. అక్కడ ఎర్ర కర్రలైతే ఒక స్ట్రోక్‌తో, బంతి లోపలికి వెళ్లిన చోటు నుంచి రెండు క్లబ్ పొడవుల దారి ఉంటుంది, పసుపు కర్రలైతే అది లేదు. నీళ్లలో పడటం ఎవరూ చూడకపోతే "పడే ఉంటుంది" అనుకోవడం చాలదు, దాదాపు ఖాయం అనిపించాలి.

బంతి పోయిందన్న అనుమానం వచ్చిందా, ముందుకు నడవకండి. అక్కడే ఇంకోటి కొట్టండి, కొట్టే ముందు "ప్రొవిజనల్" (తాత్కాలిక బంతి) అని చెప్పండి. "ఇంకోటి కొడతా" అంటే సరిపోదు, అలా అని కొడితే ఆ రెండోదే అసలు బంతి అయిపోతుంది, మొదటిది దొరికినా వృథా. వెతకడానికి ఇప్పుడు ఐదు నిమిషాలు కాదు, మూడే. ఆ మూడు నిమిషాల్లో, ప్రొవిజనల్ ఇంకా ఆటలోకి రాకముందే మొదటిది దొరికితే, ఎంత దారుణమైన చోట ఉన్నా, ప్రొవిజనల్ ఎంత అందంగా పడినా, మొదటిదాంతోనే ఆడాలి.

బంకర్‌లో ఆకులు తీయొచ్చన్నాను గానీ బంతి ముందూ వెనకా ఇసుకని క్లబ్‌తో తాకకూడదు, ప్రాక్టీస్ స్వింగ్‌లో కూడా. 2010 పీజీఏ చాంపియన్‌షిప్‌లో విస్లింగ్ స్ట్రెయిట్స్ కోర్సులో చివరి హోల్ మీద డస్టిన్ జాన్సన్ ప్రేక్షకులు తొక్కేసిన ఇసుక చోటుని బంకర్ కాదనుకుని క్లబ్ ఆనించాడు. రెండు స్ట్రోకులు పడ్డాయి, ప్లేఆఫ్ (సమంగా నిలిచినవాళ్ల మధ్య విజేతని తేల్చే ఆట) చేజారింది. అలాంటివన్నీ బంకర్లేనని స్థానిక రూల్స్ కాగితంలో ముందే రాసి పెట్టారు. క్లబ్ హౌస్ నోటీసు బోర్డు మీద ఏముందో రెండు నిమిషాలు చదవమని నేను బతిమాలేది ఇందుకే.

గ్రీన్ మీద ఇప్పుడు హాయి. పొరపాటున కాలు తగిలి బంతి కదిలితే పెనాల్టీ లేదు, తిరిగి పెట్టండి. గాలికి కదిలితే మాత్రం ఒకటి చూడాలి: ఒకసారి మార్క్ చేసి (చోటు గుర్తుపెట్టి) బంతిని ఎత్తి తిరిగి పెట్టారా? పెట్టి ఉంటే పాత చోటికి తేవాలి, లేకపోతే ఆగిన చోటు నుంచే ఆడాలి. డ్రాప్ చేసిన బంతి ఆగాక తనంతట తనే దొర్లి నీళ్లలోకి పోతే 2023 నుంచి తిరిగి అక్కడే పెట్టాలి, పెనాల్టీ లేదు. 2019 ఫీనిక్స్ ఓపెన్‌లో రికీ ఫౌలర్‌కి ఇలాగే జరిగి, అప్పటి రూల్ ప్రకారం ఇంకో పెనాల్టీ పడింది, అయినా టోర్నమెంట్ గెలిచాడు.

ఇవన్నీ తెలిసినా మైదానంలో ఏది సరైందో తేలకపోతే, స్ట్రోక్ ప్లేలో (మొత్తం స్ట్రోకులు లెక్కపెట్టే పోటీలో) ఒక దారి ఉంది. రూల్ 20.1c ప్రకారం రెండు బంతులతో హోల్ ముగించొచ్చు. షాట్ కొట్టకముందే, "రెండు బంతులు ఆడుతున్నాను, రూల్ ఒప్పుకుంటే ఇది లెక్కపెట్టండి" అని మార్కర్‌కి (మీ స్కోరు రాసే ఆటగాడికి) చెప్పాలి. రౌండ్ అయ్యాక స్కోర్‌కార్డ్ ఇచ్చే ముందు పోటీ నడిపే కమిటీకి జరిగింది జరిగినట్టు చెప్పాలి, రెండు బంతులతోనూ స్కోరు ఒకటే వచ్చినా సరే. చెప్పకపోతే అనర్హులవుతారు.