ఫోన్‌తో కాలేజీ మ్యూజిక్ వీడియో: ముందు పాట, తర్వాతే కెమెరా

ఫెస్ట్ కోసమో ప్రాజెక్టు మార్కుల కోసమో పాట తీద్దామనుకోగానే అందరూ చేసే మొదటి పని మంచి కెమెరా ఎవరి దగ్గరుందో వెతకడం, గింబల్ (కెమెరా ఊగకుండా పట్టుకునే స్టాండ్) అద్దె ఎంతో కనుక్కోవడం. అవి తర్వాత చూసుకోవచ్చు. ముందు పాట ఫైనల్ కావాలి. ఫైనల్ అంటే మిక్సింగ్ కూడా అయిపోయి వేవ్ (.wav) ఆడియో ఫైలు చేతికొచ్చి ఉండాలి, ఎందుకంటే షూటింగ్ అయ్యాక సింగర్ ఇంకోసారి పాడినా, టెంపో కాస్త కదిపినా పెదాలు కలవవు, తీసిందంతా దండగ.

సినిమా పాట పెడితే యూట్యూబ్‌లో కాపీరైట్ పాటల్ని గుర్తుపట్టే కంటెంట్ ఐడీ సిస్టమ్ ఇట్టే పట్టేస్తుంది, యాడ్స్ డబ్బులు ఆ పాట హక్కులున్న మ్యూజిక్ కంపెనీకి వెళ్లొచ్చు లేదా వీడియోనే బ్లాక్ కావచ్చు. మేమే పాడుకుంటాం కదా అంటారు కొందరు, కానీ ట్యూన్ మీదా సాహిత్యం మీదా హక్కులు విడిగా ఉంటాయి, మన చట్టంలో అవి రాసినవాళ్లు పోయాక కూడా 60 ఏళ్లు నడుస్తాయి. జానపదం అని మనం అనుకునే పాటల్లో కూడా చాలావాటికి రాసినవాళ్లు బతికే ఉన్నారు. హాస్టల్లో గిటార్ వాయించే ఫ్రెండ్ సొంతంగా కట్టిన పాటైతే ఈ తలనొప్పి లేదు, వాడుకోవచ్చని అతనితో ఒక మెయిల్ పెట్టించుకోండి చాలు.

ఇప్పుడు పాటని ముక్కలు చేయండి: ఇంట్రో, పల్లవి, మొదటి బీజీఎం, చరణం, అలా చివరిదాకా. గూగుల్ షీట్‌లో పాటలోని ఒక్కో లైనుకి ఒక వరస, అది ఎన్నో సెకనులో మొదలవుతుంది, ఎవరు పాడతారు, లొకేషన్ ఏది, డ్రెస్ ఏది, క్లోజా వైడా. షీట్ పూర్తయ్యాక లొకేషన్ కాలమ్ పట్టుకుని సార్ట్ చేస్తే అదే మీ షూటింగ్ ప్లాన్, లైబ్రరీ మెట్ల మీద తీయాల్సినవన్నీ ఒకేసారి అయిపోతాయి. టెంపో కూడా రాసిపెట్టుకోండి. 100 బీపీఎం (నిమిషానికి 100 బీట్లు) పాటలో ఒక బీట్ 0.6 సెకన్లు, అంటే సెకనుకి 25 ఫ్రేముల వీడియోలో సరిగ్గా 15 ఫ్రేములు, ఎడిటింగ్‌లో ఈ లెక్క బాగా అక్కరకొస్తుంది. ప్రిన్సిపాల్ గారి పర్మిషన్ లెటర్ రెండు కాపీలు తీసుకోండి, ఒకటి సెక్యూరిటీకి.

కెమెరా సెట్టింగ్స్‌లో ఒక్క విషయం గట్టిగా చెప్తాను. మన దగ్గర కరెంటు 50 హెర్ట్జ్, అందుకే షటర్ (ఒక్కో ఫ్రేముకి కెమెరా వెలుగు తీసుకునే సమయం) సెకనులో 1/50 గానీ 1/100 గానీ ఉండాలి, లేకపోతే క్లాస్‌రూమ్ లైట్ల కింద వీడియో మినుకుమినుకుమంటుంది. ఫోన్‌లో వచ్చే కెమెరా యాప్ ఇవన్నీ ఇవ్వకపోతే బ్లాక్‌మ్యాజిక్ కెమెరా యాప్ ఉచితం, ఐఫోన్‌కీ చాలా ఆండ్రాయిడ్ ఫోన్లకీ దొరుకుతుంది. అందులో 25 ఫ్రేములు పెట్టి, ఎక్స్‌పోజర్ (వెలుగు), వైట్ బ్యాలెన్స్ (రంగుల తీరు) మారకుండా లాక్ చేయండి. ఇద్దరు ముగ్గురి ఫోన్లు వాడుతుంటే అన్నిటిలో అవే సెట్టింగ్స్. ఎండాకాలంలో మిట్టమధ్యాహ్నం ఆరుబయట తీయొద్దు, ఫోన్ వేడెక్కి ఆగిపోతుంది, పైగా కళ్ల కింద నల్లటి నీడలు. పొద్దున్నే మొదలుపెట్టి తొమ్మిదికల్లా ఒక విడత ముగించండి. రిఫ్లెక్టర్‌కి ఫ్యాన్సీ షాపులో దొరికే తెల్ల థర్మాకోల్ షీట్ చాలు.

లిప్ సింక్ (పాటతో పెదాలు కలవడం) దగ్గరే ఎక్కువమంది వీడియోలు దెబ్బతింటాయి. సినిమా సెట్లో పాట ప్లే చేసే ఏర్పాటుని నాగ్రా అంటారు, పేరు పాతకాలపు టేప్ రికార్డర్‌ది. మీకు బ్లూటూత్ స్పీకర్ సరిపోతుంది. ఫోన్ మైక్ ఆన్‌లోనే ఉంచండి, ఆ రికార్డయిన గోల తర్వాత అసలు పాటతో జత చేయడానికి పనికొస్తుంది. పాడేవాళ్లు ఊరికే పెదాలాడిస్తే తెరమీద తెలిసిపోతుంది, గొంతెత్తి నిజంగా పాడమనండి, సిగ్గుపడేవాళ్లకి సౌండ్ ఇంకాస్త పెంచండి. కెమెరా స్పీకర్‌కి బాగా దూరంగా ఉంటే శబ్దం ఆలస్యంగా చేరుతుంది: 34 మీటర్లకి దాదాపు సెకనులో పదో వంతు, అంటే రెండున్నర ఫ్రేములు. ఆ షాట్లని ఎడిటింగ్‌లో పాటతో జత చేశాక చేత్తో అంతమేర ఆలస్యంగా వచ్చేలా, అంటే టైమ్‌లైన్ మీద కుడివైపుకి, జరపాలి.

స్లో మోషన్‌లో నడుస్తూ పెదాలు మాత్రం పాటతో సరిగ్గా కలిసే షాట్ కావాలా? పాటని రెట్టింపు స్పీడ్‌లో ప్లే చేయండి, 50 ఫ్రేముల్లో తీయండి, తర్వాత 25కి తగ్గించండి. రెట్టింపు స్పీడ్‌లో పాడటం కష్టం, అందుకే దీన్ని పల్లవిలో నిదానంగా సాగే లైనుకి పెట్టుకోండి.

ఒక్కో లొకేషన్‌లో పాట మొత్తం ఒకసారి వైడ్‌లో, ఒకసారి క్లోజ్‌లో ఆపకుండా తీయండి. ఆ తర్వాతే చేతులు, గిటార్ తీగలు, నవ్వులు లాంటి చిన్న షాట్లు. చాలా బ్యాచ్‌లు రోజంతా డ్రోన్ షాట్ల మీద పెట్టి మొహాలు తీయడం మర్చిపోతాయి, నా దృష్టిలో మొదటి వీడియోకి డ్రోన్ అక్కర్లేదు.

ఆ రాత్రే ఫుటేజ్ రెండు చోట్ల కాపీ చేయండి. వాట్సాప్‌లో మామూలు వీడియోగా పంపితే క్వాలిటీ పోతుంది, డాక్యుమెంట్‌గా పంపండి లేదా పెన్‌డ్రైవ్‌లో ఇవ్వండి.

ఎడిటింగ్‌కి లాప్‌టాప్ ఉంటే డావిన్సీ రిజాల్వ్ ఉచిత వెర్షన్, వేవ్‌ఫామ్ (శబ్దం హెచ్చుతగ్గుల గీత) చూసి క్లిప్పుల్ని పాటతో అదే కలుపుతుంది. లాప్‌టాప్ నత్తనడక నడిస్తే ప్రాక్సీలు (ఎడిటింగ్ వరకు వాడుకునే తేలికపాటి కాపీలు) చేసుకోండి. మొదట్లో కలిసిన పెదాలు పోనుపోనూ తప్పుతున్నాయంటే ఫోన్ ఫ్రేమ్‌రేట్ నిలకడగా లేదన్నమాట, హ్యాండ్‌బ్రేక్ అనే వీడియో కన్వర్టర్‌లో కాన్‌స్టంట్ ఫ్రేమ్‌రేట్ పెట్టి క్లిప్పుల్ని మార్చి తెచ్చుకోండి. ముందు వైడ్ టేక్ ఒక్కటే పాట పొడవునా పరచండి, దాని మీద మిగతావి వేసుకుంటూ పోండి, అప్పుడు మధ్యలో ఖాళీలు రావు. ప్రతి బీట్‌కీ కట్ కొడితే చూసేవాళ్లకి తలనొప్పి. చరణంలో నాలుగు బీట్లకో ఎనిమిది బీట్లకో ఒక కట్, డప్పు ఊపందుకున్నచోట త్వరత్వరగా. కట్ సరిగ్గా బీట్ మీద కాకుండా ఒక ఫ్రేము ముందు పెట్టి చూడండి, చాలాసార్లు అదే బాగుంటుంది. కలర్ చివర్లో, అదీ మొహాల రంగు చెడకుండా.

తెలుగు టైటిల్స్‌లో ఒత్తులు విడిపోతే, అడోబీ ప్రీమియర్‌లో అయితే గ్రాఫిక్స్ ప్రిఫరెన్సెస్‌లో సౌత్ ఏషియన్ టెక్స్ట్ ఇంజిన్ ఎంచుకోండి. ఇంకెక్కడైనా అయితే క్యాన్వాలో టైటిల్ చేసి, బ్యాక్‌గ్రౌండ్ లేని పీఎన్‌జీగా తెచ్చి టైమ్‌లైన్ మీద వేయండి. టీ తెచ్చిన జూనియర్ పేరుతో సహా అందరి పేర్లూ స్పెల్లింగ్ ఒకసారి వాళ్లకే చూపించండి.

ఎక్స్‌పోర్ట్ హెచ్.264 (మామూలు ఎంపీ4 వీడియోల్లో వాడే ఫార్మాట్)లో, తీసిన ఫ్రేమ్‌రేట్‌లోనే. ఆడిటోరియంలో వేస్తుంటే ముందురోజే ఆ ప్రొజెక్టర్ మీద ఒకసారి ఆడించండి, ఫోన్‌లో బాగున్న రాత్రి సీన్లు అక్కడ నల్లగా ముద్దలా కనిపిస్తాయి, అలాగైతే ఆ షాట్లు మాత్రం కాస్త వెలుగు పెంచి ఇంకో ఫైలు తీసుకోండి.