డీప్ ఫ్రీజర్ తలుపు తీసి చూశాకే సంతకం

గ్రాంట్ కాల్ (వైద్య పరిశోధన నిధులకు దరఖాస్తులు పిలిచే ప్రకటన) వచ్చిందంటే ల్యాబుల్లో పెళ్లివారిల్లే. బడ్జెట్ పట్టికలు, సీవీలు, డైరెక్టర్ సంతకాలు. ఆ హడావిడిలో ఎవరో గుర్తు చేస్తారు, "రోగులున్న సెంటర్ ఇంకొకటి కావాలి కదా" అని. వెంటనే ఎంబీబీఎస్‌లో మనతో చదివిన ఒకాయనకు ఫోన్ కొడతాం. "నువ్వు పంపించు, సంతకం పెట్టేస్తా" అంటాడు. కాగితం సాయంత్రానికల్లా వచ్చేస్తుంది. అసలు టెన్షన్ డబ్బు మంజూరయ్యాక మొదలవుతుంది. నేను రెండుసార్లు ఇలాగే చిక్కుకున్నాను. అందుకే కాల్ ఊసు లేని నెలల్లోనే భాగస్వాముల్ని వెతుక్కోమంటాను.

మన దగ్గర చోటుకు కొదవ లేదు. హైదరాబాద్‌లోనే సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం), సీడీఎఫ్‌డీ (డీఎన్‌ఏ పరిశోధన కేంద్రం), జాతీయ పోషకాహార సంస్థ, ఎల్‌వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి ఉన్నాయి. నిమ్స్, గాంధీ, ఉస్మానియా, విశాఖ ఆంధ్ర మెడికల్ కాలేజీ, తిరుపతి స్విమ్స్, మంగళగిరి, బీబీనగర్ ఎయిమ్స్‌లలో రోగులున్నారు. అయితే పేరు చూసి పరుగెత్తకండి. ముందు సీటీఆర్ఐ తెరవండి. 2007 నుంచి నడుస్తున్న ఈ క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ ఎవరైనా ఉచితంగా చూడవచ్చు. మీ రోగం పేరు, ఊరి పేరు కొట్టి చూస్తే ఎవరు ఏ అధ్యయనం చేశారో, ఎంతమందిని చేర్చుకుంటామన్నారో, ఏ ఎథిక్స్ కమిటీ (రోగుల హక్కులు, భద్రత చూసే సంఘం) ఒప్పుకుందో కనిపిస్తుంది. 2018 ఏప్రిల్ 1 నుంచి మొదటి రోగిని చేర్చుకోకముందే నమోదు చేయాలి కాబట్టి తర్వాత తీరిగ్గా అల్లిన కథలకు ఇక్కడ అవకాశం తక్కువ. ఏళ్ల తరబడి "కొనసాగుతోంది" అనే ఉన్న అధ్యయనాలు ఒకే సెంటర్ పేరు మీద నాలుగు కనిపిస్తే ఎందుకో అడిగి తెలుసుకోండి. ఆ తర్వాత పబ్‌మెడ్ అనే వైద్య పేపర్ల వెబ్‌సైట్లో ఆ డాక్టర్ల పేపర్లు చూడండి. ప్రతి పేపర్లోనూ రచయితల వరుసలో వాళ్ల పేరు మొదటా చివరా కాక మధ్యలో ఎక్కడో ఉంటే, శాంపిళ్లు ఇచ్చి ఊరుకునే అలవాటైనా అయ్యుండాలి, పని చేసినా పేరు దక్కని అన్యాయమైనా అయ్యుండాలి. రెండోదైతే మీరు ఇంకాస్త మర్యాదగా మాట్లాడాలి.

తర్వాత బస్సెక్కండి. జూమ్ కాల్‌లో అన్ని ఆసుపత్రులూ బాగానే ఉంటాయి.

ఒక పెద్ద ఆసుపత్రికి ఇలాగే వెళ్లాను. మైనస్ 80 డిగ్రీల డీప్ ఫ్రీజర్ ఉందని ప్రపోజల్‌లో రాశారు, ఉంది కూడా. పక్కనే మేకుకు ఉష్ణోగ్రత రిజిస్టర్ వేలాడుతోంది. నెలంతా ఒకే నీలం పెన్ను, ఒకే చేతిరాత, రోజుకు రెండుసార్లు "మైనస్ 80". ఆదివారాలూ అంతే, సంక్రాంతి నాడూ అంతే. తలుపు తీయమన్నాను. లోపల వేలెడు మందాన మంచు, బయట తెర మీద మైనస్ 61. టెక్నీషియన్ మొహమాటపడుతూ, "మేడమ్, జనరేటర్ లైను ఈ గదికి ఇవ్వలేదు" అన్నాడు. ఆయన ఆ ఒక్క మాట చెప్పకపోతే మా ఆర్‌ఎన్‌ఏ శాంపిళ్లు మే నెల కరెంటు కోతల్లో నీళ్లయ్యేవి. కాబట్టి జనరేటర్ స్విచ్ ఎక్కడుంది, అలారం మోగితే రాత్రి ఎవరి ఫోన్‌కు వెళ్తుంది, పాడైతే సర్దడానికి రెండో ఫ్రీజర్ ఉందా అన్నవి హెచ్‌ఓడీని కాదు, టెక్నీషియన్‌ను అడగండి.

రోగుల లెక్కా అంతే. "నెలకు రెండొందల మంది వస్తారు" అంటారు. అబద్ధం కాదు, వస్తారు. కానీ ఓపీ రిజిస్టర్ ముందేసుకుని గత మూడు నెలల పేర్లకు మీ చేర్పు షరతులు పెట్టి వడపోయండి. వయసు సరిపోదు, షుగర్ ఉంది, ఇప్పటికే మందు మొదలైంది, ఊరు దూరం కాబట్టి మళ్లీ రారు. మేం చేస్తే చివరికి నెలకు ఏడుగురు తేలారు. అధ్యయనం మొదలవగానే రోగులు మాయమైపోతారని క్లినికల్ ఫార్మకాలజీవాళ్లు లాసాన్యా సూత్రం పేరుతో నవ్వుకుంటారు. నవ్వులాట కాదది.

ప్రభుత్వ కాలేజీ అయితే బదిలీల సంగతి మర్చిపోవద్దు. మీ కో-పీఐ (అక్కడి సహ ప్రధాన పరిశోధకుడు) మూడో నెలలో వేరే జిల్లాకు వెళ్లిపోవచ్చు, కొత్తగా వచ్చినాయనకు మీ ప్రాజెక్టు మీద ఏ మమకారమూ ఉండదు. అదే విభాగంలో ఇంకొకరి పేరు మొదటి నుంచీ పెట్టుకోండి.

కాగితాల్లో ముందు చూడాల్సింది ఎథిక్స్ కమిటీ రిజిస్ట్రేషన్. మందుల ట్రయల్స్‌ను చూసే కమిటీ సీడీఎస్‌సీవో (కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ) దగ్గర నమోదై ఉండాలి. తక్కిన బయోమెడికల్ పరిశోధన చూసే కమిటీ, 2019 నిబంధనల ప్రకారం, ఆరోగ్య పరిశోధన విభాగం దగ్గర నమోదై ఉండాలి. ఒకటి ఉంది కదా అని రెండోది ఉన్నట్టు కాదు. సర్టిఫికెట్ మీద గడువు తేదీ చదవండి. ప్రైవేటు ఆసుపత్రి అయితే డీఎస్‌ఐఆర్ (కేంద్ర శాస్త్ర, పారిశ్రామిక పరిశోధన విభాగం) వారి సైరో గుర్తింపు, అంటే పరిశోధన సంస్థగా గుర్తింపు, ఉందో లేదో ముందే అడగండి.

విదేశీ సంస్థ కలిస్తే వ్యవహారం ఇంకా ముదురుతుంది. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) ద్వారా ఆరోగ్య శాఖ స్క్రీనింగ్ కమిటీ అనుమతి కావాలి, దానికి ముందు ఎథిక్స్ అనుమతులు ఉండాలి. ఆ నెలలన్నీ ప్రాజెక్టు టైమ్‌లైన్‌లో కలపండి. ఇంకో గోతి డబ్బు దగ్గర ఉంది. 2020 సవరణ తర్వాత, ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) కింద ఒక ట్రస్టుకు వచ్చిన విదేశీ నిధిని ఇంకో సంస్థకు బదిలీ చేయడానికి వీల్లేదు. "డబ్బు మా ఖాతాకు రానివ్వండి, మీ వాటా పంపిస్తాం" అన్న పాత పద్ధతి చెల్లదు. శాంపిళ్లు వెళ్లాలంటే ఎంటీఏ, అంటే శాంపిళ్ల బదిలీ ఒప్పందం, రాసుకోవాలి. రోగి నుంచి వేరుచేసిన బ్యాక్టీరియాను పంపాలంటే 2002 జీవవైవిధ్య చట్టం కూడా అడ్డొస్తుంది. చాలామందికి ఇది ఆఖరి నిమిషంలో తెలుస్తుంది.

వీటన్నిటికంటే నాకు భయం వేసేది సమ్మతి పత్రాల దగ్గర. 2009లో అప్పటి ఉమ్మడి రాష్ట్రంలో ఖమ్మం జిల్లాలోనూ, గుజరాత్‌లో వడోదరలోనూ హెచ్‌పీవీ టీకా (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసేది) ప్రాజెక్టు జరిగింది. అమెరికాకు చెందిన పాత్ (PATH) అనే స్వచ్ఛంద సంస్థ, ఐసీఎంఆర్, రాష్ట్ర ప్రభుత్వాలు భాగస్వాములు. ఖమ్మంలో సుమారు 14 వేల మంది బాలికలకు టీకా వేశారు, వయసు పదీ పద్నాలుగేళ్ల మధ్య. కొన్ని మరణాల వార్తలతో గొడవ మొదలై 2010 ఏప్రిల్‌లో ప్రాజెక్టు ఆగిపోయింది. ఆ మరణాలకూ టీకాకూ సంబంధం ఉన్నట్టు విచారణలో తేలలేదు. కానీ ఆశ్రమ పాఠశాలల్లో తల్లిదండ్రులు పెట్టాల్సిన సంతకాలు వార్డెన్లు, హెడ్మాస్టర్లు పెట్టినట్టు బయటపడింది. 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం గట్టిగానే తప్పుపట్టింది. అందరూ పెద్ద పేర్లే, హాస్టల్ గదిలో ఫారం ఎవరి చేతిలో ఉందో చూసినవాళ్లే లేరు. అందుకని భాగస్వామి దగ్గర సమ్మతి ఎవరు తీసుకుంటారు, ఏ భాషలో, కోయ మాట్లాడే తల్లికి ఎవరు చెబుతారు అని అడగండి. "మా సిస్టర్ చూసుకుంటుంది" అంటే ఆ సిస్టర్ పక్కన ఒక పూట కూర్చోండి.

ఎంవోయూలో (అవగాహన ఒప్పందంలో) పేపర్ మీద ఎవరి పేరు ఎక్కడ, డేటా ఎవరి దగ్గర, మిగిలిన శాంపిళ్లు ఎవరివి అన్నవి సిగ్గుపడకుండా రాసుకోండి. స్నేహం ఉండగానే రాసుకోవాలి. అకౌంట్స్ సెక్షన్‌లో క్లర్కుతో ఓ టీ తాగండి. భాగస్వామి యూసీ (నిధుల వినియోగ ధ్రువపత్రం) ఆలస్యమైతే తర్వాతి విడత నిధులు మీకూ ఆగుతాయి, మీ జేఆర్‌ఎఫ్ (ప్రాజెక్టులో పనిచేసే జూనియర్ పరిశోధకురాలు) జీతం లేకుండా మీ మొహం చూస్తుంది.

చివరగా, సంతకానికి ముందు ఉత్తుత్తి రవాణా ఒకటి చేయించండి. ఐదు ట్యూబుల్లో నీళ్లు పోసి, లేబుళ్లు వేసి, డ్రై ఐస్‌లో పెట్టి పంపమనండి. శుక్రవారం వద్దు, పెట్టె ఆదివారం కొరియర్ గోడౌన్‌లో కూర్చుంటుంది. ఒక చిన్న ఊరి ఆసుపత్రితో మేం ఇలా చేస్తే, పెట్టె మాకు చేరకముందే అక్కడి టెక్నీషియన్ ఫోన్ చేశాడు. "మేడమ్, మూడో ట్యూబు మీద టైమ్ రాయడం మర్చిపోయాను" అన్నాడు. ఆ సెంటర్‌తో ఇప్పుడు నాలుగో ఏడు నడుస్తోంది.