మిర్చి కొట్టు యాప్‌కి ఎస్‌క్యూలైట్ పెట్టేముందు

గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టుకి బస్తాల లెక్క రాసుకునే వెబ్ యాప్ చేసిచ్చాను. డేటాబేస్ ఎస్‌క్యూలైట్, అంటే వేరే సర్వర్ లేకుండా డేటా అంతా ఒక ఫైలులో దాచేది. మీరూ అదే పెట్టాలనుకుంటే ముందు ఇవి చూసుకోండి.

- యాప్, డేటాబేస్ ఫైలు ఒకే మెషీన్‌లో ఉండాలి. ఫైలును నెట్‌వర్క్ షేర్‌లో పడేసి రెండు సర్వర్ల నుంచి తెరవొద్దు. అక్కడ లాకింగ్‌ను నమ్మలేం, ఫైలే పాడైపోవచ్చు. రెండో సర్వర్ తప్పదంటే మొహమాటపడకుండా సర్వర్‌గా నడిచే పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌కి వెళ్లిపోండి.

- చదివేవాళ్లు ఎందరున్నా పర్లేదు, రాసేది మాత్రం ఒకసారికి ఒక్కరే. సీజన్‌లో నలుగురు గుమాస్తాలు ఒకేసారి కాటా బరువులు ఎక్కిస్తుంటే 'డేటాబేస్ ఈజ్ లాక్డ్' అని వచ్చేది. ఎదురుగా రైతు చీటీ కోసం నిలబడి ఉంటాడు, ఇక నా టెన్షన్ చూడాలి! వాల్ మోడ్ (WAL, మార్పులను ముందు పక్కనున్న వేరే ఫైలులో రాసే పద్ధతి) ఆన్ చేసి, బిజీ టైమౌట్ (లాక్ వదిలేదాకా ఆగే సమయం) 5000 మిల్లీసెకన్లు పెట్టాక కుదుటపడింది. ట్రాన్సాక్షన్ తెరిచి పెట్టి మధ్యలో ఎస్సెమ్మెస్ పంపే కోడ్ కూడా నాదే, అంతసేపూ లాక్ వదిలేది కాదు, అదీ తీసేశాను.

- ఫారిన్ కీలు (ఒక టేబుల్ చూపించే వరుస ఇంకో టేబుల్‌లో నిజంగా ఉందా అనే తనిఖీ) మామూలుగా ఆఫ్‌లో ఉంటాయి. ప్రతి కనెక్షన్‌కీ ఆన్ చేయాలి.

- యాప్ నడుస్తుండగా ఫైలును ఊరికే కాపీ కొట్టి బ్యాకప్ అనుకోవద్దు. బ్యాకప్ కమాండో, వాక్యూమ్ ఇంటూ (VACUUM INTO) కమాండో వాడండి. పక్కనే కనిపించే వాల్ ఫైలు చెత్త కాదు, డిలీట్ చేయకండి.