లా ఇంటర్న్‌షిప్ ఎలా సంపాదించాలి? మెయిల్ కంటే ముందు ఒక్క పేజీ నోట్

మార్చి దాటిందంటే లాయర్ల మెయిల్‌కు ఒకే రకం ఉత్తరాలు వరసగా వస్తాయి. పైన ‘రెస్పెక్టెడ్ సర్/మేడమ్’ అని ఉంటుంది. ఆ అడ్డగీత కూడా తీయరు. శుభలేఖలు పంచినట్టు కనపడ్డ ఆఫీసుకల్లా అదే ముక్క పంపుతారు. కొన్నింట్లో పక్క ఆఫీసు సీనియర్ పేరు అలాగే ఉండిపోతుంది. ఇవన్నీ చదివే తీరిక సీనియర్లకు ఉండదు కాబట్టి వడపోసే పని మాలాంటి జూనియర్ల మీద పడుతుంది. మేం ఏది చదువుతామో, ఏది చదవకుండా పక్కన పెడతామో చెబుతాను.

ముందు రూలు. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2008 నాటి నిబంధనల ప్రకారం మూడేళ్ల లా చదివేవాళ్లు మొత్తం 12 వారాలు, ఐదేళ్ల కోర్సువాళ్లు 20 వారాలు ఇంటర్న్‌షిప్ చేయాలి. ఏ సంవత్సరంలోనూ ఏకబిగిన నాలుగు వారాలు మించకూడదు. ట్రయల్ కోర్టు లాయర్ దగ్గర, అప్పీలు కోర్టు లాయర్ దగ్గర కనీసం ఒక్కసారైనా చేసి తీరాలి.

మొదటిది ట్రయల్ కోర్టులోనే చేయండి. ఇందులో రెండో మాట లేదు. ఫస్టియర్‌లోనే హైటెక్ సిటీ కార్పొరేట్ ఫర్మ్ కావాలనేవాళ్లను చూస్తే నాకు జాలేస్తుంది. నెలంతా కంప్యూటర్ ముందు కూర్చుని అగ్రిమెంట్లలో కామాలు దిద్ది వస్తారు. హైకోర్టూ మొదట వద్దు. అక్కడ రిట్లు (ప్రభుత్వ చర్యల మీద నేరుగా హైకోర్టులో వేసే పిటిషన్లు) అఫిడవిట్ల మీదే నడుస్తాయి, బోనులో సాక్షి ఉండడు. దావా ఎలా పుడుతుందో, అవతలి లాయరు అడిగే క్రాస్ ఎగ్జామినేషన్‌లో సాక్షి ఎక్కడ తడబడతాడో, వాయిదా ఎందుకు పడుతుందో చూడాలంటే హైదరాబాద్‌లో నాంపల్లి కోర్టుకో ఎల్బీనగర్ కోర్టుకో వెళ్లాలి, లేదా మీ ఊరి జూనియర్ సివిల్ జడ్జి కోర్టుకు వెళ్లాలి. సొంత ఊళ్లో చేయడం నామోషీ అనుకోకండి. అక్కడ గుమాస్తా కూడా మీకు పాఠం చెబుతాడు, అదీ కాలేజీలో చెప్పని పాఠం.

ఎప్పుడు? అందరూ మే నెల అడుగుతారు, కాలేజీకి సెలవులు కదా అని. ఆ నెలలో హైకోర్టుకూ సివిల్ కోర్టులకూ కూడా వేసవి సెలవులే. వెకేషన్ కోర్టులో అత్యవసర కేసులు తప్ప ఏమీ నడవవు. మీరొచ్చి ఖాళీ కుర్చీలు చూస్తారు. జూన్ రెండో వారం తర్వాత రండి, లేదా డిసెంబర్‌లో. జూన్‌కు కావాలంటే ఏప్రిల్ మొదట్లోనే అడగాలి.

కావలసిన సరంజామా పెద్దగా ఏమీ లేదు. ఒక్క పేజీ సీవీ, పీడీఎఫ్‌లోనే పంపాలి. అందులో ఫోటో వద్దు, పదో తరగతిలో వ్యాసరచన బహుమతి అసలే వద్దు. కాలేజీ నుంచి బోనఫైడ్ లెటర్. తెల్ల చొక్కా, నల్ల ప్యాంటు, నల్ల కోటు, నల్ల టై, నల్ల బూట్లు. ఆఫీసును ఎలా ఎంచుకోవాలంటే, ఈకోర్ట్స్ యాప్‌లో మీ జిల్లా కోర్టు కాజ్‌లిస్ట్ (ఆ రోజు విచారణకు వచ్చే కేసుల జాబితా) తీసి ఏ లాయర్ పేరు ఎక్కువసార్లు కనిపిస్తుందో చూడండి. తలుపులు మూసి జరిపే విచారణలు తప్ప, కోర్టు హాల్లోకి ఎవరైనా వెళ్లి వెనక బెంచీలో కూర్చోవచ్చు. రెండు పూటలు కూర్చుంటే ఎవరు పనిచేస్తారో, ఎవరు వాయిదాలతో నెట్టుకొస్తారో తెలిసిపోతుంది. మెయిల్‌లో నాలుగే నాలుగు వాక్యాలు: మీరెవరు, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, ఈ ఆఫీసే ఎందుకు, జతచేసింది ఏమిటి.

ఆ జతచేసేదే అసలు సంగతి. చాలామంది ఏమీ జతచేయరు. చేసినవాళ్లు ‘ప్రాథమిక హక్కులు – ఒక విశ్లేషణ’ లాంటి ఇరవై పేజీల కాలేజీ అసైన్‌మెంట్ పెడతారు. మాకు కావాల్సింది ఒకే ఒక్క ప్రశ్నకు ఒక్క పేజీ జవాబు. ఈ పేజీ దగ్గరే బోల్తా పడతారు కాబట్టి నిదానంగా చెబుతాను.

ప్రశ్న చిన్నదిగా, నిజంగా ఆఫీసుకు వచ్చేదిగా ఉండాలి. ఉదాహరణకు ఇది తీసుకోండి: గుంటూరులో బ్యాంకు ఖాతా ఉన్న వ్యాపారికి హైదరాబాద్ బ్యాంకు చెక్కు ఇచ్చారు. దాన్ని తన ఖాతాలో వేస్తే బౌన్స్ అయింది. కేసు ఎక్కడ వేయాలి? తీర్పులు ఉచితంగా దొరికే ఇండియన్ కానూన్ వెబ్‌సైట్‌లో వెతికితే 2014 నాటి దశరథ్ రూప్‌సింగ్ రాథోడ్ తీర్పు దొరుకుతుంది. సుప్రీంకోర్టు, ముగ్గురు జడ్జీలు. చెక్కు ఏ బ్యాంకు మీద రాశారో ఆ బ్యాంకు ఉన్నచోటే కేసు అని అందులో ఉంటుంది. విద్యార్థి సంబరంగా ‘హైదరాబాద్’ అని రాసి పంపేస్తాడు. తప్పు. 2015లో నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టాన్ని సవరించి 142వ సెక్షన్‌లో కొత్త ఉపసెక్షన్ పెట్టారు. వసూలుకు ఖాతాలో వేసిన చెక్కయితే, చెక్కు అందుకున్నవాడి ఖాతా ఉన్న బ్రాంచి ఎక్కడుందో అక్కడ కేసు వేయాలి. అంటే గుంటూరు. తీర్పు ఇంటర్నెట్‌లో చెక్కుచెదరకుండా ఉంటుంది, చట్టం మారిందని అది మీకు చెప్పదు. అందుకే ముందు ప్రభుత్వ చట్టాల వెబ్‌సైట్ ఇండియా కోడ్‌లో ఇవాళ్టి సెక్షన్ చదవాలి, ఆ తర్వాతే తీర్పుల జోలికి వెళ్లాలి. తిరగేసి చేస్తే ఇలాగే మునుగుతారు.

సెక్షన్ నంబర్ల దగ్గర కూడా జాగ్రత్త. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ (సీఆర్‌పీసీ)లో 482 అంటే కేసు కొట్టేయమని హైకోర్టుకు వెళ్లే సెక్షన్. దాని స్థానంలో 2024 జూలై 1 నుంచి వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్‌లో 482 అంటే ముందస్తు బెయిల్. కేసు కొట్టేయమనే క్వాష్ 528కి వెళ్లిపోయింది. ‘అండర్ సెక్షన్ 482’ అని ఊరికే రాసి వదిలేస్తే మీరు ఏ చట్టం గురించి మాట్లాడుతున్నారో మాకు అర్థం కాదు. మీకూ తెలియదనే అనుమానం వస్తుంది.

తీర్పు దొరికాక పైన ఉండే సారాంశం, అంటే హెడ్‌నోట్, చూసి ఆగిపోకండి. హెడ్‌నోట్ తీర్పులు అచ్చువేసే పుస్తకం ఎడిటరు రాసేది, జడ్జి రాసేది కాదు. నోట్‌లో ఏ పేరా ఎత్తి రాస్తున్నారో ఆ పేరాకు ముందూ వెనకా చదవండి. అది ఎవరి గొంతు? మా దగ్గరికి వచ్చే నోట్లలో ఎక్కువగా దొర్లే తప్పు ఇదే. జడ్జి పది పేరాల పాటు ఒక పక్షం లాయరు వాదనను రాస్తాడు, తర్వాత దాన్ని తోసిపుచ్చుతాడు. కుర్రవాళ్లు ఆ వాదననే కోర్టు చెప్పిన మాటగా ఎత్తి రాస్తారు. అలాంటిది నమ్మి సీనియర్ కోర్టులో చదివితే, అవతలి లాయరు లేచి ‘తర్వాతి పేరా కూడా చదవండి’ అంటాడు. ఆ సాయంత్రం ఆఫీసులో ఏం జరుగుతుందో ఊహించుకోండి.

ఆ తర్వాత, ఈ తీర్పును పైబెంచి ఏమైనా అన్నదా అని చూడాలి. సివిల్, క్రిమినల్ విచారణల్లో స్టే ఆరు నెలలకు దానంతటదే పోతుందని 2018లో ఏషియన్ రీసర్ఫేసింగ్ కేసులో సుప్రీంకోర్టు అంది. 2024 ఫిబ్రవరి 29న ఐదుగురు జడ్జీల రాజ్యాంగ ధర్మాసనం అది సరికాదని కొట్టేసింది. అయినా పాత తీర్పు పట్టుకొచ్చేవాళ్లు ఇంకా ఉన్నారు. వెతుకులాటలో తేదీ ప్రకారం కొత్తవి పైకి వచ్చేలా పెట్టుకుని, మీ తీర్పును ప్రస్తావించినవన్నీ చూడండి. డబ్బు కట్టి వాడే ఎస్‌సీసీ ఆన్‌లైన్, మనుపాత్ర వెబ్‌సైట్లు మీ కాలేజీలో ఉంటే వాడుకోండి. లేకపోయినా నష్టం లేదు, సుప్రీంకోర్టు తీర్పులు ఆ కోర్టు సొంత వెబ్‌సైట్ ఈ-ఎస్‌సీఆర్‌లో ఉచితంగానే దొరుకుతాయి. ఉమ్మడి హైకోర్టు నాటి పాత తీర్పులకు బార్ అసోసియేషన్ లైబ్రరీలో ఏఎల్‌టీ, ఏఎల్‌డీ అనే తీర్పుల బైండు పుస్తకాలు తిరగేయండి. నన్నడిగితే పుస్తకంలో వెతికినవాడికే పక్క పేజీలో మరో మంచి తీర్పు దొరుకుతుంది.

చాట్‌బాట్ ఇచ్చిన సైటేషన్‌ను (తీర్పు పేరు, నంబరు) మీ కళ్లతో తీర్పు తెరిచి చూడకుండా పెట్టకండి. చాట్‌బాట్ కల్పించిన, అసలు లేని కేసులను ఉన్నట్టు చూపినందుకు 2023లో న్యూయార్క్ ఫెడరల్ కోర్టు ఇద్దరు లాయర్లకూ వాళ్ల ఆఫీసుకూ కలిపి 5,000 డాలర్ల జరిమానా వేసింది. లేని తీర్పు ఒక్కటి కనిపించినా మేం ఆ దరఖాస్తు మూసేస్తాం.

పేజీ అమరిక: మొదటి వాక్యంలో ప్రశ్న, రెండో వాక్యంలో జవాబు. ఆ తర్వాత సెక్షన్, తీర్పు, పేరా నంబరు, మన వాస్తవాలకు అదెలా వర్తిస్తుందో. చివర్లో మనకు వ్యతిరేకంగా ఉన్న తీర్పు ఏదైనా ఉంటే అది కూడా రాయాలి. దాన్ని దాచిపెట్టినవాళ్లను నేను తీసుకోను.

పంపాక వారం ఆగి ఒక్కసారి గుర్తు చేయండి. కోర్టు వేళల్లో ఫోన్ వద్దు, సాయంత్రం ఆరు తర్వాత ఆఫీసుకే వెళ్లండి. చేరాక రోజూ డైరీ రాయండి: కేసు నంబరు, ఏ దశలో ఉంది, ఇవాళ ఏం జరిగింది. క్లయింటు ఫైలు ఫోటో ఇన్‌స్టాలో కనిపిస్తే అదే మీకు ఆఖరి రోజు. సర్టిఫికెట్‌లో తేదీలు పడ్డాయో లేదో అక్కడే చూసుకోండి, కాలేజీ వాళ్లు వారాలు లెక్కపెడతారు.

ఈ ఒక్క పేజీ అలవాటు ఇంటర్న్‌షిప్ దాటి కూడా పనికొస్తుంది. సుప్రీంకోర్టులో లా క్లర్క్ కమ్ రీసెర్చ్ అసోసియేట్ పోస్టులకు రాత పరీక్ష, ఇంటర్వ్యూ ఉంటాయి. పార్లమెంటు పనిమీద పరిశోధన చేసే పీఆర్‌ఎస్ సంస్థ ల్యాంప్ ఫెలోషిప్‌లో దాదాపు ఏడాదిపాటు ఒక ఎంపీకి పరిశోధన చేసిపెట్టాలి, డిగ్రీ అయినవాళ్లకే, వయసు 25 దాటకూడదు. ఈ రెండుచోట్లా ఎక్కువగా చేయించేది ఇదే పని. పాఠం చెప్పాలని ఉంటే చదువుతుండగానే మొదలుపెట్టవచ్చు. లా కాలేజీల్లో పేద పిల్లలకు సీట్లు రావాలని 2010లో మొదలైన ఐడియా సంస్థలో లా విద్యార్థులే లా ప్రవేశ పరీక్ష క్లాట్‌కు పాఠాలు చెబుతారు. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో పారా లీగల్ వాలంటీర్‌గా చేరితే ఊళ్లలో చట్టాల మీద మాట్లాడే అవకాశం వస్తుంది. తెలుగులో తడుముకోకుండా చెప్పడం అక్కడే వస్తుంది. అసిస్టెంట్ ప్రొఫెసర్ కావాలంటే ఎల్‌ఎల్‌ఎంలో 55 శాతం, ఎస్సీ, ఎస్టీ, నాన్ క్రీమీలేయర్ ఓబీసీ, దివ్యాంగులకు 50 శాతం, పైన అర్హత పరీక్ష నెట్ (లేదా రాష్ట్ర సెట్). ఎల్‌ఎల్‌ఎం పూర్తయ్యేదాకా ఆగనక్కర్లేదు, చివరి ఏడాదిలో ఉండగానే నెట్ రాయవచ్చు.